మధుమేహము – మన కన్నులు

ఇంద్రియములలో కన్ను ప్రధానమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నొప్పుకొననివారు లేరు. అయినను కుటుంబములో నందరి కన్నులకంటె చివర పరీక్షింపబడునది యిల్లాలి కన్ను. బియ్యములోని మట్టిగడ్డ కనబడకపోయినను, సూదిలో దార మెక్కకపోయినను, వయసు వచ్చినది గదా యనుకొని మన మూరకుందుము. సోదరీమణులారా! వయసుచేత వచ్చు లోపము వేఱు, మధుమేహముచేత వచ్చు కీడు వేఱు. మొదటిది కంటియద్దములతో తీరును. రెండవది యద్దములతో తీరదు. అద్దములు మార్చుకొనుచు కాలము గడపినకొలదియు లోలోపల ముదురును. ఈ భేద మింటింటను తెలియవలెనను కోరికతో నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను వైద్యురాలను గాను. ఒక యున్నత పాఠశాలలో పనిచేయు నుపాధ్యాయుని భార్యను. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద నమరమును, కొన్ని కావ్యములను చదువుకొంటినే గాని శాస్త్రవిద్య నభ్యసింపలేదు. ఈ వ్యాధిని గూర్చి నాకు గల యెఱుక యంతయు మా యత్తగారి కన్నులవలనను, ఆమెకు వైద్యము చేసిన డాక్టరమ్మగారి యోర్పువలనను గలిగినది.

మధుమేహము మన దేశమునకు క్రొత్తది గాదు. రోగి మూత్రము తేనెవలె తియ్యనగుననియు, దానికి చీమలు పట్టుననియు మన ప్రాచీన వైద్యులు గుర్తించిరి. మధుమేహమను పేరే యందుకు సాక్ష్యము. అయితే యా కాలమున నది కొందఱి రోగము. నేడు వీథివీథికి వచ్చినది. భారతీయ వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన గొప్ప సర్వే యొకటి 2023వ సంవత్సరమున ప్రకటింపబడినది. దాని లెక్కప్రకారము మన దేశమున 10 కోట్ల పైచిలుకు జనులకు మధుమేహము గలదు. మఱి 13 కోట్లకు పైగా జను లా వ్యాధి గడపయందు నిలిచియున్నారు. ఇందఱిలో, ఈ జబ్బు కన్నులకు గూడ చేటు తెచ్చునని యెఱిగినవా రెందఱు? ఎఱిగియు పరీక్ష చేయించుకొన్నవా రెందఱు?

కంటికి దీనికి సంబంధమేమియని కొంద ఱడుగుదురు. కంటి లోపల వెనుకప్రక్కను పలుచని పొర యొకటి గలదు. దానిని రెటీనా యందురు. బయటి వెలుతురు వచ్చి పడునది దానిమీదనే. ఆ రూపమును మెదడునకు చేరవేయునదియు నదియే. ఆ పొరకు రక్తము నందించు నాళములు వెండ్రుకకంటె సన్ననివి. రక్తములో చక్కెర యేండ్ల తరబడి హెచ్చుగ నున్నచో నీ సన్నని నాళముల గోడలు పాడగును.

డాక్టరమ్మగారు దీనిని మా యత్తగారికి బోధించిన తీరు నేనెన్నటికిని మఱవను. మాది కృష్ణ కాలువలక్రింది యూరు. మా యత్తగారు పుట్టినదియు, మెట్టినదియు వరిపొలముల నడుమ. అది యడిగి తెలిసికొని యామె యిట్లు చెప్పిరి: "మీ పొలానికి నీళ్లు తెచ్చే పిల్లకాలవలున్నాయి కదండీ, కంట్లో నరాలు కూడా అలాంటివే. గట్లు మెత్తబడితే ముందు ఊట కారుతుంది. ఆ నీళ్లు మడిలో నిలిచిపోతే పైరు కుళ్లుతుంది. కొన్ని కాలవలు పూడిపోతే అవతలి మళ్లు ఎండిపోతాయి. ఎండిన మళ్ల కోసం ఎవరో హడావిడిగా కొత్త కాలవలు తవ్వినట్టు, కంట్లో కొత్త నరాలు పుడతాయి. వాటికి గట్టు బలం ఉండదు. అవి ఎప్పుడో ఒకప్పుడు తెగుతాయి."

ఇంతకంటె విశదముగా చెప్పుట నావలన గాదు. ఊట నిలుచుట యనగా రెటీనా నడిమి భాగము వాచుట. మనము చదువుటకు, మొగములు గుర్తుపట్టుటకు తోడ్పడునది యా నడిమి భాగమే గావున నది వాచినప్పుడు చూపు మసకబాఱును, గీతలు వంకరగా గనబడును. క్రొత్త నాళములు తెగుట యనగా కంటిలో రక్తము చిమ్ముట. అప్పుడు కన్నులముందు నల్లని దారములు, మసిచుక్కలు, తెరలు దిగినట్లు తోచును. పిదప నచ్చట మచ్చకట్టి ముడుచుకొని యా పొరనే లాగివేయవచ్చును. ఆ దశకు వచ్చిన కంటికి చూపు తెచ్చుట మిక్కిలి కష్టము.

ఇందులో మోసమంతయు నెచ్చట నున్నదనగా, మొదటి మార్పులు జరుగుచున్నంతకాలము నొప్పి లేదు, ఎఱుపు లేదు, నీరు గాఱుట లేదు, చూపు తగ్గుటయు లేదు. పంటినొప్పి యయిన మనల పరుగెత్తించును. ఇది యెంతమాత్రము సద్దు చేయదు. పొలము మూలనున్న గట్టు కాఱుచుండగా నింటి యరుగుమీద గూర్చున్నవారి కేమి తెలియును?

మా యత్తగారికి మధుమేహము వచ్చి పదునొకం డేండ్లయినది. ఆమె మాత్రలు తప్పిన దినము లేదు. ఉదయము స్నానము చేసి, తులసికి నీరు పోసి, పోతనగారి భాగవతము కొంతసేపు చదువుకొని గాని పలహారము ముట్టరు. ఇంచుమించు రెండేండ్ల క్రిందట పుస్తకమును ప్రక్కకు వంచి చదువుట మొదలుపెట్టిరి. అద్దముల యంగడికి బోయి యొక్క యేడాదిలో మూడుసార్లు అద్దములు మార్పించుకొనిరి. ఒకనాడు తలంటుకొని వచ్చి, "అమ్మాయీ, ఎడంకంట్లో సాలీడు దారాలు వేళ్లాడుతున్నట్టున్నాయి. కుంకుడు రసం పడిందేమో చూడు" అనిరి. చూచితిని, కన్ను తెల్లగా, తేటగా నున్నది. కుంకుడు పడిన కన్నట్లుండదు. ఆనాడే మావారును నేనును ఆమెను జిల్లా కేంద్రములోని కంటి యాసుపత్రికి గొనిపోతిమి.

అచ్చట కంటిలో చుక్కలమందు వేసి, నల్లగుడ్డు నడిమి ద్వారము పెద్దదగువఱకు గూర్చుండబెట్టి, లోపలి ఛాయాచిత్రమును తీసిరి. ఎడమకంట రక్తము చిమ్మియుండెను. కుడికంట ఊట మొదలయి యుండెను. డాక్టరమ్మగా రా చిత్రమును తెరమీద చూపి, దాని ప్రక్కనే రోగములేని కంటి చిత్రమును గూడ నుంచిరి. మా యత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "పదకొండేళ్ల నుంచీ మందులు మింగుతున్నాను తల్లీ. కళ్లు చూపించుకోమని నాతో ఒక్కరూ అనలేదు" అనిరి. మాత్ర లిచ్చినవా రెవరో, కాగితములు వ్రాసినవా రెవరో వారిని దూఱుట నా యుద్దేశము గాదు. కాని యా మాటలో నున్న దుఃఖము నన్ను వీడలేదు. ఈ వ్రాత కదియే కారణము.

చికిత్స జరిగినది. కుడికంటికి సూదిమందులును, లేజరును వేసి చూపును నిలిపిరి. ఎడమకంటికి శస్త్రము చేసిరి గాని యా కంటితో నామె యిప్పుడు మనుష్యుల యాకారమును మాత్రము గుర్తింపగలరు. పెద్దయక్షరముల భాగవతమును కుడికంటితో చదువుకొనుచున్నారు. రెండేండ్లు ముందు వచ్చియున్నచో రెండు కన్నులును చక్కగ నిలిచెడివేమో!

అయినను నే నా యాసుపత్రిలో నొక గొప్ప విషయము నేర్చుకొంటిని. రోగికి జబ్బునుగూర్చి చెప్పుట వేఱు, తెలియునట్లు చేయుట వేఱు. పాఠము చెప్పు నింటిలో కాపురము చేయుదానను గావున నాకీ భేదము వెంటనే పట్టుపడినది. డాక్టరమ్మగారు మూడు పనులు చేసిరి. రోగి కన్నును రోగికే చూపిరి. రోగి యెఱిగిన పొలము మాటలతోనే చెప్పిరి. చివర, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి. ఇంటికెళ్లాక మీ వీధిలో వాళ్లడిగితే ఏం చెప్తారు?" అని యడిగిరి. మా యత్తగారు, "గట్టు తెగాక మట్టి పోయటం కాదు, తెగకముందే కాలవ చూసుకోవాలని చెప్తాను" అనిరి. "మీరు పాసయ్యారు" అని యామె నవ్విరి. మరల రావలసిన తేదీని తెలుగులో, లావుటక్షరములతో వ్రాసి యిచ్చిరి. బెదరింపు లేదు, కసరు లేదు, ఆంగ్లములో నచ్చువేసిన కాగితము చేతిలో బెట్టి పంపుట లేదు.

నాటినుండి మా యత్తగారు రామాలయపు మండపములో నుపాధ్యాయినియైరి. షుగరున్న యే స్త్రీ కనబడినను ఆమె యడుగు ప్రశ్న యొక్కటియే: "కంట్లో చుక్కలేసి లోపల చూపించుకున్నావా?" ఈ ప్రశ్నలో సారమంతయు నున్నది. గోడమీది యక్షరములు చదివించి యద్దము లిచ్చుట యొక పరీక్ష; చుక్కలు వేసియో, తగిన యంత్రముతో చిత్రము దీసియో రెటీనాను చూచుట వేఱొక పరీక్ష. మొదటిది చేయించుకొని రెండవది యయినదని యనుకొనువా రనేకులు.

ఆ మండపములో వినబడిన యాక్షేపణలకు నాకు దెలిసిన సమాధానముల నిచ్చట వ్రాసెదను.

"నాకు చక్కగా కనిపిస్తూనే ఉందిగా" యనుట మొదటిది. చక్కగ గనబడుచున్నప్పుడే పరీక్ష చేయించుకొనవలెను. అప్పటి చికిత్స వలన నుండు లాభము చూపు పోయినపిమ్మట నుండదు.

"శుక్లాలయ్యుంటాయి, ముదిరాక ఆపరేషను చేయించుకుంటాను" అనుట రెండవది. మధుమేహము గలవారికి శుక్లములు త్వరగా వచ్చుట నిజమే. కాని శుక్లము కంటి ముందరి కటకమునకు వచ్చునది. నేను చెప్పుచున్నది వెనుక పొరకు వచ్చునది. కిటికీ యద్దమును మార్చినంతమాత్రమున వెనుకగోడ చెమ్మ యాఱదు.

"చక్కెర అదుపులోనే ఉంది, ఇంక పరీక్షెందుకు?" అనుట మూడవది. అదుపు గొప్ప రక్షయే. 1993వ సంవత్సరమున నమెరికాలో నొక గొప్ప పరిశోధన ఫలితము వెలువడినది. చిన్నవయసున వచ్చు మధుమేహము గలిగి, అప్పటికి కంటిజబ్బు లేనివారు చక్కెరను గట్టిగా నదుపుచేసికొన్నచో, ఆ జబ్బు పుట్టు భయము నూటికి 76 పాళ్లు తగ్గినదని తేలినది. పెద్దవయసున వచ్చు మధుమేహమునందును చక్కెర యదుపు, రక్తపుపోటు యదుపు రెండును కన్నులను కాచునని 1998లో నింగ్లండులోని పరిశోధకులు చూపిరి. అయినను భయము తగ్గుట వేఱు, లేకపోవుట వేఱు. జబ్బు వచ్చి యేండ్లు గడచినకొలది కన్ను చెడు నవకాశము పెరుగును గావున పరీక్ష మానరాదు.

"లేజరుతో కన్ను కాలుస్తారట!" అని భయపడుట నాలుగవది. దీని కథ వినదగినది. 1945లో సూర్యగ్రహణమును వట్టికన్నులతో చూచి రెటీనా కాలిన యొక విద్యార్థిని మేయర్ ష్వికెరాత్ అను జర్మను వైద్యుడు పరీక్షించెను. వెలుతురు కంటిలో నంత గుఱిగా గాల్పగలిగినచో, ఆ కాల్పునే చికిత్సగా నేల వాడరాదని యాతడు తలచెను. మొదట సూర్యకాంతితోడను, తరువాత విద్యుద్దీపముతోడను సాధించెను. నేటి లేజరు చికిత్స యా యూహకు పెరిగిన రూపమే. క్రొత్తనాళములు పుట్టిన కన్నులలో నిట్టి చికిత్స తీవ్రమైన చూపునష్టమును సగమునకు మించి తగ్గించునని 1976లో నమెరికా పరిశోధకులు ప్రకటించిరి. అది పోయిన చూపును దెచ్చుటకంటె నున్న చూపును నిలుపుటకే యెక్కువగా నుపయోగించును. అందుచేతనే తొందర.

"కంట్లో సూది పొడిస్తారా!" అనుట యైదవది. వినుటకు నాకును గుండె జల్లుమన్నది. కాని ముందు మందుచుక్కలతో కన్నును మొద్దుబఱతురు. సూది పని క్షణములలో ముగియును. "చీమ కుట్టినంత కూడా లేదు" అని మా యత్తగారి సాక్ష్యము. ఊటను తగ్గించి, క్రొత్తనాళములను వాడ్చు మందు లివి. ఒక్కసారితో తీరవు, మొదట నెలనెలకు వేయవలసి రావచ్చును. నడుమ మానివేసినచో ఫలము దక్కదు. సూది వేసిన పిమ్మట నొప్పి, ఎఱుపు హెచ్చి చూపు తగ్గినచో, అట్లగుట యరుదే యయినను, ఆ దినముననే వైద్యుని జూడవలెను.

ఇక తేనెచుక్కలు, చనుబాలు, ఆకుపసరులు కంటిలో పోయుటను గూర్చి. ఇవి వెనుక పొరను చేరనే చేరవు. పైగా కంటికి పుండు తేవచ్చును. పొన్నగంటికూరయు, మునగాకును చక్కని కూరలే. తప్పక వండుకొని తినుడు. అవి విస్తరిలో నుండవలెను గాని కంటిలో గాదు. వైద్యమునకు బదులుగా నసలే కాదు.

పరీక్ష యెప్పు డెవరు చేయించుకొనవలెనన్న, పెద్దవయసున మధుమేహము వచ్చినవారు అది బయటపడిన యప్పుడే చేయించుకొనవలెను. ఏలయన, జబ్బు మనకు దెలియకముందే యేండ్లుగా నున్నదై యుండవచ్చును. చిన్నవయసున వచ్చి యిన్సులినుతో బ్రతుకు పిల్లలకు జబ్బు వచ్చిన యైదేండ్లలోపల మొదటి పరీక్ష కావలెను. అటుపిమ్మట సామాన్యముగా నేటి కొకసారి. మార్పులు గనబడినచో వైద్యుడు చెప్పిన గడువున. ఇదివఱకే మధుమేహము గల స్త్రీ గర్భవతి కాదలచినచో ముందుగానో, గర్భము నిలిచిన మొదటి మూడు మాసములలోనో కన్ను చూపించుకొని, ప్రసవము వఱకు వైద్యుల కనుసన్నల నుండవలెను. ఆ కాలమున నీ జబ్బు త్వరగా ముదురవచ్చును. గర్భముతోనే మొదటిసారి చక్కెర హెచ్చినవారికి కంటికి వచ్చు నపాయ మంతగా లేదు గాని, కాన్పయిన 6 మొదలు 12 వారములలో మరల రక్తపరీక్ష చేయించుకొనుట మఱవరాదు. పురిటి సందడిలో మనము మొట్టమొదట మఱచునది యిదియే.

నల్లచుక్కలు జల్లున రాలినట్లు తోచినను, తెర దిగినట్లున్నను, ఉన్నట్లుండి చూపు తగ్గినను గడువు తేదీకై యాగక నాడే వెళ్లవలెను.

పోవునపుడు తోడొకరు కావలెను. చుక్కలు వేసిన కొన్ని గంటల వఱకు దగ్గఱి వస్తువులు మసకగా నుండును, వెలుతురు గుచ్చుకొనును. ఎండకద్దము లుంచుకొనుడు. ఆనాడు బండి నడపరాదు. కుట్టుపని, చదువు మరునాటికి. పలహారము, మాత్రలు మానుకొని పోనక్కఱలేదు. చక్కెర పరీక్షల కాగితములను, వాడు మందుల చీటీని వెంటబెట్టుకొనుడు. ధనములేమికి వెనుదీయ నక్కఱలేదు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి యాసుపత్రియు, విశాఖపట్టణములో ప్రాంతీయ కంటి యాసుపత్రియు ప్రభుత్వమువారివి. 2018లో తెలంగాణమునందును, 2019లో నాంధ్రప్రదేశమునందును కంటివెలుగు శిబిరములు ప్రారంభమైనప్పుడు మన స్త్రీలు బారులుతీరి నిలిచి యద్దములు తెచ్చుకొన్నారు. ఆ యుత్సాహమే లోపలి పరీక్షకును గావలెను.

మన యిండ్లలో నొక యలవాటు గలదు. భర్తకు మందు తెచ్చునది, బిడ్డకు చుక్కలు వేయించునది, అత్తమామల మాత్రలు లెక్కించునది యిల్లాలే; తన సంగతి వచ్చినప్పుడు మాత్రము "పండుగ వెళ్లనీ, పరీక్షలు కానీ" యనును. దీనిని త్యాగమని కొందఱు పొగడుదురు. చూపు పోయిన తల్లికి చేయి పట్టుకొని నడిపింప నొక బిడ్డ బడి మానవలసివచ్చినప్పు డా త్యాగము విలువ యెంతయో యాలోచింపుడు. తన కన్ను కాపాడుకొనుట యిల్లాలికి స్వార్థము గాదు, సంసారధర్మమే.

పురుషులును దీనికి మినహాయింపు గారు. నిరుడు మావారికిని మధుమేహము బయటపడినది. కంటిపరీక్షమాట యెత్తగా పదవతరగతి జవాబుపత్రములు దిద్దు పని యున్నదనిరి. మా యత్తగారు వినుచు గూర్చుండి, "ఊళ్లో పిల్లలందరికీ పాఠం చెప్తావు. నా ఎడంకన్ను నీ ఎదురుగానే ఉంది, ఈ పాఠం నీకు ఎక్కలేదట్రా?" అనిరి. మరునాడే వెళ్లివచ్చిరి. రెటీనా శుభ్రముగా నున్నది. మరుసటి యేటి తేదీని మా పిల్లవాడు తన పుట్టినరోజు ప్రక్కనే క్యాలెండరులో గుండ్రముగా చుట్టిపెట్టినాడు.

నవంబరు 14వ తేదీ మనకు బాలల దినోత్సవము. ప్రపంచ మధుమేహ దినమును నదియే. ఇన్సులినును కనుగొన్నవారిలో ముఖ్యుడైన బాంటింగు పుట్టిన దినమది. మొన్నటి నవంబరులో మావారు తమ తరగతి పిల్లలచేత మా యత్తగారి ప్రశ్ననే యింటింటికి బంపిరి. షుగరున్నవారు లేని యిల్లు తక్కువ. చుక్కలు వేసి చూపించుకొన్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. కాని యా వారములోనే కొందఱు తల్లులు జట్టుగా గూడి, ఒక యాటోను మాటాడుకొని యాసుపత్రికి వెళ్లివచ్చిరి. వారిలో నొకామెకు ఊట మొదలయినదని తెలిసి చికిత్స జరుగుచున్నది. ఆమెకు చూపు తగ్గలేదు, ఏ బాధయు లేదు. పిల్లవాడు బడినుండి తెచ్చిన ప్రశ్నయే యామెను కాపాడినది.

కావున సోదరీమణులారా! ఈ పుస్తకమును మూసి, మీ యింట మధుమేహము గలవా రెవరెవరో లెక్కించుకొనుడు. ఆ లెక్కలో మిమ్ములను మఱవకుడు. చివర కంటిపరీక్ష యెప్పుడయినదో ప్రతివారిపేరను వ్రాసికొనుడు. ఎవరి పేరుప్రక్కన తేదీ లేదో వారిని ముందుగా బంపుడు. ఆ పేరు మీదే యయినచో, తోడునకు పొరుగింటి యామెను బిలుచుకొని రేపే బయలుదేరుడు.